విబ్రియో: దొరికిన క్రిమి, దొరకని విషం

తెలంగాణంలో గత్తర అన్నా, కోస్తా జిల్లాలలో వాంతిభేది అన్నా, ఆ మాట చెవిని పడగానే ఊళ్లు ఖాళీ అయ్యే రోజులు ఒకప్పుడు ఉండేవి. ఉదయం పొలానికి వెళ్లిన మనిషి సాయంత్రానికి కళ్లు లోతుకు పోయి, గొంతు పీలబోయి, కాళ్ల పిక్కలు పట్టుకొని, బియ్యం కడిగిన నీళ్లవంటి విరేచనాలతో ప్రాణం విడిచేవాడు. ఇంత వేగంగా మనిషిని ఆరబెట్టి చంపే వ్యాధి మరొకటి లేదనే చెప్పవచ్చును. ఇదే కలరా. దీనికి కారణమైన సూక్ష్మజీవి విబ్రియో అనే ప్రజాతికి చెందినది.

ఈ ప్రజాతి చరిత్రలో ఒక విచిత్రం ఉన్నది. ఈ క్రిమిని సూక్ష్మదర్శినిలో చూచి, ఇదే కలరాకు కారణమని ఒక శాస్త్రజ్ఞుడు ప్రకటించినది 1854లో. అది మనిషిని ఏ విధంగా చంపుతున్నదో ప్రయోగం ద్వారా తేలినది 1959లో. నడుమ నూట ఐదు సంవత్సరాలు గడచిపోయినవి. రోగిని బ్రతికించగల చికిత్స 1832లోనే దొరికి, చేజారిపోయినది. నేరస్థుని పేరు, ఊరు, ముఖకవళికలు అన్నీ తెలిసి కూడ, అతడు నేరం చేసే తీరు తెలియక ఒక శతాబ్దం నష్టపోయిన కథ ఇది.

ప్రజాతి లక్షణాలు

విబ్రియో అనే పేరును పదునెనిమిదవ శతాబ్దంలో డెన్మార్కు ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఓటో ఫ్రెడరిక్ ముల్లర్ వాడుకలోనికి తెచ్చాడు. లాటిన్ భాషలో కంపించుట అనే అర్థమిచ్చే ధాతువునుండి ఈ పేరు పుట్టినది. పేరు తగినదే. ఈ జీవి కొద్దిగా వంగిన కడ్డీ ఆకారంలో ఉంటుంది. పొడవు మిల్లీమీటరులో వెయ్యవ వంతును ఒకటిన్నర, రెండు రెట్లు చేసినంత. లావు అందులో మూడవ వంతుకు మించదు. ఒక కొసన తోకవంటి కశాభం ఒకటి ఉంటుంది. దాని సాయంతో ఈ జీవి నీటిలో రివ్వున దూసుకొనిపోతుంది. రోగి విరేచనపు బొట్టును సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూస్తే, చెరువులో రాయి వేసినప్పుడు చేపపిల్లలు చెదిరిపోయినట్లు కనిపిస్తుంది.

గ్రామ్ రంజన పద్ధతిలో ఇవి ఊదారంగును నిలుపుకొనక ఎర్రబారుతాయి. కనుక వీటిని గ్రామ్-ఋణ బాక్టీరియా అంటారు. గాలి ఉన్నా, లేకపోయినా బ్రతుకుతాయి. క్షారం వీటికి ప్రీతి, ఆమ్లం వీటికి మృత్యువు. ఎండబెడితే త్వరలో చస్తాయి. నీటిలో, ముఖ్యంగా సముద్రపు నీరు నదీజలంతో కలిసే ఉప్పుటేరుల వద్ద, సుఖంగా జీవిస్తాయి. ఈ ప్రజాతిలో నూరుకు పైగా జాతులు ఉన్నవి. వాటిలో మనిషికి రోగం కలిగించేవి సుమారు ఒక డజను మాత్రమే. మిగిలినవి మన జోలికి రాక, సముద్రజీవుల మధ్య తమ బ్రతుకు తాము బ్రతికేవి.

ఒకే సంవత్సరం, రెండు నగరాలు

1817లో బెంగాలులోని జెస్సోరు ప్రాంతంలో చెలరేగిన కలరా, ఓడల వెంట, సైన్యాల వెంట దేశాలు దాటినది. అంతకు పూర్వం గంగాముఖద్వార ప్రాంతాన్ని అంటిపెట్టుకొని ఉన్న ఈ వ్యాధి ఆ తరువాత మళ్లీ మళ్లీ ప్రపంచాన్ని చుట్టివచ్చినది. చెడు గాలి వలన ఈ వ్యాధి వస్తుందని ఆనాటి వైద్యులలో ఎక్కువ మంది నమ్మకం.

1854లో లండన్ నగరంలో జాన్ స్నో అనే వైద్యుడు, బ్రాడ్ స్ట్రీట్ లోని ఒక చేతిపంపు చుట్టుప్రక్కలనే మరణాలు గుమిగూడి ఉన్నవని గమనించాడు. అతని వాదన విని, సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపు పిడిని తొలగించారు. వ్యాధి గాలి ద్వారా కాక నీటి ద్వారా వ్యాపిస్తున్నదని అతడు చూపాడు. కాని నీటిలో ఏమున్నదో అతనికి తెలియదు.

అదే సంవత్సరం ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో ఫిలిప్పో పచీని కలరాతో చనిపోయినవారి పేగులను పరీక్షించి, లెక్కలేనన్ని వంకర జీవులను చూచాడు. వాటికి విబ్రియో అని పేరు పెట్టి, వ్యాధికి ఇవే కారణమని వ్రాశాడు. ఒకరికి దారి తెలిసినది, మరొకరికి దొంగ కనిపించాడు. కాని ఈ రెండు సత్యాలు ఒకచోట కలియలేదు. పచీని మాట ఎవరూ చెవిని పెట్టలేదు. అతడు 1883లో మరణించాడు. 1965లో నామకరణానికి సంబంధించిన అంతర్జాతీయ సంఘం ఈ జీవికి విబ్రియో కలరే అనే పేరును స్థిరపరచి, పచీని పేరును, 1854 సంవత్సరాన్ని దానికి జోడించినది. న్యాయం జరిగినది కాని, నూట పదకొండేళ్లు ఆలస్యంగా జరిగినది.

కలకత్తా చెరువులో

పచీని మరణించిన సంవత్సరమే ఈజిప్టులో కలరా వచ్చినది. జర్మనీనుండి రాబర్ట్ కోక్ నాయకత్వంలో ఒక బృందం, ఫ్రాన్సునుండి పాశ్చర్ శిష్యుల బృందం అలెగ్జాండ్రియాకు బయలుదేరినవి. ఫ్రెంచి బృందంలోని యువకుడు లూయీ తుయిల్యే అక్కడనే కలరా సోకి చనిపోయాడు. ఈజిప్టులో వ్యాధి తగ్గుముఖం పట్టగా, కోక్ 1883 డిసెంబరులో కలకత్తా చేరాడు.

మరుసటి నెలలో అతడు ఆ వంకర జీవిని ఇతర జీవులనుండి వేరుచేసి, శుద్ధంగా పెంచగలిగాడు. కలరా రోగులందరిలోను అది కనిపించినది; ఇతర కారణాల వలన విరేచనాలైనవారిలో కనిపించలేదు. ఒక చెరువు చుట్టూ ఉన్న గుడిసెలలో కలరా వ్యాపించినప్పుడు, ఆ చెరువు నీటిలోనే ఆ క్రిమి దొరికినది. ఆ చెరువులోనే జనం స్నానం చేసేవారు, రోగుల బట్టలు ఉతికేవారు, ఆ నీటినే త్రాగేవారు. స్నో చూపిన దారి, పచీని చూచిన దొంగ, ఇన్నాళ్లకు ఒకచోట కలిసినవి.

అయినను ఒక లోటు మిగిలినది. కోక్ ఎలుకలకు, కోతులకు, ఇతర జంతువులకు ఆ క్రిమిని ఎక్కించి చూచినా, ఒక్కదానికి కూడ కలరా రాలేదు. జంతువులో రోగం పుట్టించనిదే క్రిమి నేరం రుజువు కాదని అప్పటి శాస్త్రజ్ఞుల నియమం. ఈ లోటు విమర్శకులకు ఆయుధమైనది. బ్రిటిష్ ప్రభుత్వం 1884లో క్లైన్, గిబ్స్ అనే ఇద్దరిని విచారణకు పంపగా, వారు కోక్ నిర్ణయాన్ని త్రోసిపుచ్చారు. కలరా అంటువ్యాధియని ఒప్పుకుంటే ఓడలను రేవులలో నిలిపివేయవలసి వస్తుంది. ఓడలు నిలిస్తే వర్తకం నిలుస్తుంది. శాస్త్ర విషయమైన వాదంలో ఈ లెక్క కూడ పనిచేసినదని చరిత్రకారులు అంటారు.

1892లో మ్యూనిక్ నగరపు ప్రఖ్యాత ఆరోగ్య శాస్త్రజ్ఞుడు మాక్స్ పెటెన్ కోఫర్, డెబ్బై దాటిన వయస్సులో, కడుపులోని ఆమ్లాన్ని సోడాతో అణచి మరీ, కలరా క్రిముల ద్రవాన్ని అందరి ఎదుట త్రాగాడు. అతనికి కొద్దిపాటి విరేచనాలు మాత్రమే అయినవి. కోక్ ఓడిపోయాడని అతని పక్షం సంతోషించినది. నిజానికి ఈ క్రిమి కడుపులో ప్రవేశించినవారిలో చాలామందికి తేలికపాటి విరేచనాలే అవుతాయి, లేదా ఏమీ కాదు. అటువంటివారే తమకు తెలియకుండా వ్యాధిని ఊరూరా మోస్తారు. అదే సంవత్సరం హాంబర్గు నగరంలో కలరాతో ఎనిమిది వేలకు పైగా జనం చనిపోయారు. ప్రక్కనే, ఆ ఎల్బ్ నది నీటినే ఇసుక వడపోతతో శుభ్రపరచి వాడుకొన్న ఆల్టోనా పట్టణం చాలవరకు తప్పించుకొన్నది. ఎవరి మాట నిజమో నీరే తేల్చినది.

ప్రయోగశాలలో గుర్తింపు

కోక్ తరువాత ఈ క్రిమిని గుర్తించే పద్ధతులు ఒక్కొక్కటిగా పదును తేలినవి. రోగి విరేచనం ప్రయోగశాలకు చేరేలోపల ఇతర క్రిములు పెరిగి విబ్రియోను కప్పివేయకుండ, 1941లో మన దేశపు శాస్త్రజ్ఞులు వెంకటరామన్, రామకృష్ణన్ ఒక ద్రవాన్ని రూపొందించారు. ముడి సముద్రపుటుప్పు, పెప్టోన్, నీరు, వీటిని క్షారగుణంగా మార్చితే అదే ఆ ద్రవం. ఇంత చవుకైన ద్రవంలో నమూనాను దూరప్రాంతాలకు పంపవచ్చును. వారి పేర్ల మొదటి అక్షరాలతో దీనిని వి.ఆర్. ద్రవం అంటారు.

ప్రయోగశాలలో మొదటి మెట్టు క్షార పెప్టోన్ జలం. ఇందులో నమూనాను వేసి ఆరు, ఎనిమిది గంటలు ఉంచితే, ఇతర పేగు క్రిములకంటె వేగంగా పెరిగి, పాలమీద మీగడ వలె విబ్రియోలు పైన పలుచని పొర కడతాయి. ఆ పొరనుండి కొద్దిగా తీసి, టి.సి.బి.ఎస్. అనే ఆకుపచ్చని యానకంపై గీస్తారు. 1960 ప్రాంతాలలో జపానులో రూపొందిన ఈ యానకంలో పిత్త లవణాలు, చక్కెర, రంగుమారే సూచిక ఉంటాయి. కలరా విబ్రియో చక్కెరను పులియబెట్టి ఆమ్లాన్ని పుట్టిస్తుంది కనుక, మరునాటికి దాని పుంజాలు పసుపుపచ్చగా మెరుస్తాయి. చక్కెరను ముట్టని జాతులు ఆకుపచ్చగానే ఉండిపోతాయి.

తరువాత మరికొన్ని పరీక్షలు. పుంజాన్ని కొంచెం తీసి సోడియం డీఆక్సీకోలేట్ అనే పిత్త లవణ ద్రావణపు బొట్టులో కలిపితే, ఒక నిమిషంలో అది చిక్కబడుతుంది. తీగతో పైకి ఎత్తితే తీగపాకం వలె సాగుతుంది. క్రిముల పొరలు పగిలి లోపలి డి.ఎన్.ఎ. బయటపడుటయే ఇందుకు కారణం. ఆక్సిడేస్ పరీక్షలో నీలిరంగు వస్తుంది. ఉప్పు లేని యానకంలో కూడ కలరా విబ్రియో పెరుగుతుంది. దాని బంధువులలో చాలవాటికి ఉప్పు లేనిదే జరగదు. చివరకు ఓ-1 వర్గానికి చెందిన ప్రతిరక్షక సీరంతో కలిపినప్పుడు క్రిములు విరిగిన పాలవలె గుంపులు కట్టితే, గుర్తింపు పూర్తి అయినట్లే. ఈ వర్గంలో ఒగావా, ఇనాబా, హికోజిమా అనే తరగతులు ఉన్నవి.

1905లో ఈజిప్టులోని ఎల్ టోర్ అనే నిర్బంధ శిబిరంలో, కలరా లక్షణాలు లేని మక్కా యాత్రికుల శరీరాలనుండి గోట్ష్లిక్ ఒక రకపు విబ్రియోను వేరుచేశాడు. ఇది అంత ప్రమాదకరం కాదని చాలకాలం అనుకొన్నారు. 1961లో ఇండోనేషియాలోని సెలిబిస్ దీవినుండి ప్రపంచమంతటా ప్రాకిన ఏడవ విశ్వవ్యాప్త కలరాకు ఈ ఎల్ టోర్ రకమే కారణం. మరల 1992లో మద్రాసులో ఓ-1 సీరంతో గుంపులు కట్టని కలరా క్రిమి ఒకటి తలయెత్తి, కలకత్తాకు, బంగ్లాదేశ్‌కు వ్యాపించినది. దానికి ఓ-139 అని పేరు పెట్టారు. పరీక్షలో పట్టుబడని క్రిమి రోగం కలిగించదని అనుకోరాదని అది నేర్పినది.

కుందేలు పేగు చెప్పిన రహస్యం

క్రిమి దొరికినది, గుర్తింపు కుదిరినది. కాని అది చంపే విధానం తెలియలేదు. అది విషాన్ని పుట్టిస్తుందని కోక్ ఊహించాడు. తరువాతివారు ఆ విషం కొరకు చచ్చిన క్రిముల శరీరాలలో వెదకారు. జంతువుల రక్తంలోనికి, కడుపు కుహరంలోనికి క్రిములను ఎక్కించి చూచారు. జంతువులు చచ్చేవి, కాని ఆ చావు కలరా చావు కాదు. వెదకవలసిన చోటు పేగు లోపలి భాగం. అక్కడ ఎవరూ సరిగా చూడలేదు.

బెంగాలులోని హుగ్లీ జిల్లాలో 1915లో జన్మించిన శంభునాథ్ డే లండనులో రోగనిర్ణయ శాస్త్రం అభ్యసించి, 1949లో డాక్టరేటు పొంది కలకత్తాకు తిరిగివచ్చాడు. ఆయన ఆలోచన మిక్కిలి తేలికైనది. మత్తు ఇచ్చిన కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు వైపుల దారంతో కట్టి, ఆ ముక్కలోనికి కలరా క్రిములను ఎక్కించాడు. మరునాటికి ఆ ముక్క బియ్యపు కడుగువంటి ద్రవంతో ఉబ్బిపోయినది. ఈ ప్రయోగ ఫలితం 1953లో వెలువడినది. కోక్‌కు సుమారు డెబ్బై ఏళ్ల క్రితం దొరకని జంతు నమూనా, ఇంచుమించు ఒక దారపు ముక్కతో దొరికినది అనవచ్చును.

తరువాత ఆయన మరొక అడుగు వేశాడు. క్రిములు పెరిగిన ద్రవాన్ని వడకట్టి, ఒక్క క్రిమి కూడ లేని ఆ ద్రవాన్ని మాత్రమే పేగు ముక్కలోనికి ఎక్కించాడు. అయినను పేగు నిండినది. అనగా క్రిమి తన శరీరం వెలుపలికి ఒక విషాన్ని విడుస్తున్నది. ఆ విషమే పేగులోనికి నీటిని లాగుతున్నది. 1959 మే నెలలో ఈ పరిశోధన నేచర్ పత్రికలో అచ్చయినది. అదే కాలంలో బొంబాయిలోని హాఫ్కిన్ సంస్థలో ఎన్.కె. దత్తా బృందం పసి కుందేళ్లలో కలరా విరేచనాలను కలిగించి, ఇదే దిక్కుకు చేరినది.

1969లో ఫిన్కెల్ స్టీన్, లోస్పల్లుటో ఈ విషాన్ని శుద్ధరూపంలో వేరుచేశారు. ఇది ఒక ప్రోటీను. ఇందులో రెండు రకాల భాగాలు ఉన్నవి. ఐదు 'బి' భాగాలు పేగు కణానికి అతుక్కొంటాయి. ఒక 'ఎ' భాగం కణం లోపలికి దూరి, లవణాలను బయటికి పంపే యంత్రాంగాన్ని ఆగకుండ తిరిగేటట్లు చేస్తుంది. లవణాల వెంట నీరు పోతుంది. తీవ్రమైన రోగంలో గంటకు ఒక లీటరు వరకు పోవచ్చును. పేగు గోడ మాత్రం చెక్కుచెదరదు, కణాలు చావవు. ఈ ఒక్క సంగతిలోనే చికిత్స దాగి ఉన్నది.

శంభునాథ్ డేకు జీవితకాలంలో స్వదేశంలో తగిన గౌరవం దక్కలేదు. 1978లో స్టాక్‌హోమ్‌లో కలరాపై జరిగిన నోబెల్ సదస్సుకు ఆయనను ఆహ్వానించారు. ఆయన పేరును నోబెల్ బహుమతికి సూచించినవారిలో జోషువా లెడర్ బర్గ్ ఒకరు. 1985లో ఆయన మరణించాడు. 1996లో ఈ విషపు జన్యువులు క్రిమికి పుట్టుకతో వచ్చినవి కావనీ, దానిపై పడిన ఒక వైరస్ తెచ్చిపెట్టినవనీ వాల్డార్, మెకలానోస్ కనుగొన్నారు. అంటే ఆ వైరస్ అంటని విబ్రియో, కలరాను తెచ్చిపెట్టలేదు.

ఉప్పు, చక్కెర, నీరు

ఇక చేజారిన చికిత్స సంగతి. 1831 చివరలో ఓషానసీ అనే యువ వైద్యుడు ఇంగ్లండులో కలరా రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులో నీరు, లవణాలు బాగా తగ్గిపోయినవని తెలిపాడు. మరుసటి సంవత్సరం స్కాట్లండులోని లీత్ పట్టణంలో థామస్ లట్టా, చావుకు సిద్ధంగా ఉన్న రోగుల నరాలలోనికి ఉప్పునీరు ఎక్కించాడు. మృతప్రాయులు కొద్ది నిమిషాలలో కళ్లు తెరచారు. కాని విరేచనాలు ఆగేవరకు ఎక్కిస్తూ ఉండాలని అప్పటివారికి తెలియలేదు. ద్రవం శుభ్రమైనది కాదు. చివరి ఘడియలలో ఉన్నవారికే ఇచ్చేవారు. కొందరు బ్రతికారు, ఎక్కువమంది చనిపోయారు. 1833లో లట్టా మరణించాడు. ఆ పద్ధతి మూలపడినది. ఓషానసీ మన దేశానికి వచ్చి, తరువాత తంతి తపాలా మార్గాలు వేయించి పేరు పొందాడు. ఇరవయ్యవ శతాబ్దం తొలి సంవత్సరాలలో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ ఆ పద్ధతిని తిరిగి చేపట్టి, ఆస్పత్రి మరణాలను సుమారు సగానికి తగ్గించాడు.

అయితే సూది, సీసా, శుద్ధద్రవం పల్లెలకు చేరవు. పేగు గోడ చెడలేదు కనుక నోటి ద్వారానే నీరు ఎక్కించలేమా? ఉప్పునీరు ఒక్కటే త్రాగిస్తే పేగు దానిని పీల్చుకొనదు. గ్లూకోసు కలిపితే, గ్లూకోసు, సోడియం జంటగా ఒక ద్వారం గుండా కణంలో ప్రవేశిస్తాయి. నీరు వాటి వెంట వస్తుంది. కలరా విషం ఈ ద్వారాన్ని మూయలేదు. 1953లో కలకత్తాలో హేమేంద్రనాథ్ చటర్జీ ఇటువంటి చికిత్స జరిపాడు. 1968లో ఢాకాలో నాలిన్, కాష్ దీనిని పరీక్షించి నిరూపించారు.

1971లో తూర్పు బెంగాలునుండి లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. బంగావ్ శిబిరంలో కలరా చెలరేగినది. నరాలకు ఎక్కించే ద్రవం అయిపోవచ్చినది. అప్పుడు దిలీప్ మహలనబీస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోసు, 3.5 గ్రాముల వంట ఉప్పు, 2.5 గ్రాముల వంట సోడా చొప్పున కలిపించి, పీపాలలో నింపించి, రోగుల బంధువులచేతనే గ్లాసులతో త్రాగించాడు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు 3.6కు దిగినవి. తల్లి తన బిడ్డకు తానే ఇవ్వగల మందు ప్రపంచానికి దొరికినది.

విరేచనాల కాలాన్ని తగ్గించుటకు టెట్రాసైక్లిన్ వర్గపు మందులు కూడ తోడ్పడినవి. ఆ వర్గంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడినది భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనాధిపతిగా ఉన్న లెడర్లీ సంస్థలోనే. దానిని కనుగొన్నది ఆ సంస్థలోని బెంజమిన్ డుగ్గర్. అయితే ఈ మందులకు లొంగని విబ్రియోలు తరువాత అనేకచోట్ల తలయెత్తినవి. ఉప్పు-చక్కెర నీటికి లొంగకుండ తప్పించుకొన్న విబ్రియో మాత్రం ఇంతవరకు పుట్టలేదు.

ఇతర జాతులు

1950లో జపానులోని ఒసాకాలో చిరుచేపలు తిన్న 272 మంది జబ్బుపడి, 20 మంది చనిపోయారు. ఫుజినో అందుకు కారణమైన జీవిని వేరుచేశాడు. అదే విబ్రియో పరాహీమొలిటికస్. సరిగా ఉడకని చేపలు, రొయ్యల ద్వారా ఇది కడుపునొప్పిని, విరేచనాలను కలిగిస్తుంది. విబ్రియో వల్నిఫికస్ ఇంకా క్రూరమైనది. పచ్చి ఆల్చిప్పల ద్వారాగాని, ఉప్పునీటిలో తడిసిన పుండు ద్వారాగాని రక్తంలో ప్రవేశిస్తే, కాలేయ వ్యాధి ఉన్నవారికి ప్రాణాపాయం. విబ్రియో ఆల్జినోలిటికస్ చెవి పోటును, పుండ్లను కలిగిస్తుంది.

కలరా విబ్రియో కూడ మనిషి పేగులోనే కాక, నీటిలోని కోపిపాడ్ అనే సూక్ష్మ జలచరాలను అంటిపెట్టుకొని బ్రతుకుతుందని రీటా కాల్వెల్ పరిశోధనలు తెలిపినవి. బంగ్లాదేశ్ పల్లెలలో పాత చీరగుడ్డను అనేక మడతలు వేసి త్రాగునీటిని వడకట్టగా, కలరా సుమారు సగానికి తగ్గినదని 2003లో ఆమె బృందం ప్రకటించినది. క్రిమి గుడ్డ రంధ్రంకంటె చిన్నది. అది పట్టుకొన్న జలచరం పెద్దది. గుడ్డ జలచరాన్ని ఆపితే, దానితోపాటు క్రిమి కూడ ఆగుతుంది.

కలరా ఇంకను పోలేదు. ఏటా 13 లక్షలనుండి 40 లక్షల మంది వరకు దీని వాతబడుతున్నారని, 21 వేలనుండి 1 లక్షా 43 వేల మంది వరకు చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన అంచనా. చికిత్స వెంటనే అందితే నూటికి ఒకరు కూడ చనిపోరు. అందకపోతే సగంమంది వరకు చనిపోవచ్చును. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న దూరానికి క్రిమి కారణం కాదు. క్రిమిని గూర్చి తెలియవలసినది చాలవరకు తెలిసినది. ఇక మిగిలినది శుభ్రమైన త్రాగునీరు, మరుగుదొడ్డి, వేళకు అందే ఒక పొట్లం ఉప్పు-చక్కెర. వీటి కొరకు మరో నూట ఐదేళ్లు వేచి ఉండవలసిన అవసరం లేదు.